పేరు రాయని చీటీ

దిండిమెరక,
5 జూలై 2023, బుధవారం.

తమ్ముడు రాంబాబుకి,

అక్క వందనాలు. మరదలికీ పిల్లలకీ నా ప్రేమ. ఫోనుండగా ఈ కాగితాలేమిటని నవ్వుకుంటావని తెలుసు. ఫోన్లో అయితే నువ్వు స్పీకర్ పెట్టి, అన్నం తింటూ, నా గోడంతా మరదలికి వినిపిస్తావు. మధ్యమధ్యలో ఊఁ అంటావు. ఇది అలా వినే సంగతి కాదు. కూర్చుని చదువు.

మొన్న రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారపు ఆదివారం. ఇరవై ఆరేళ్ళుగా మా సంఘంలో ప్రభువు బల్ల సిద్ధం చేసేది నేనని నీకు తెలుసు. శనివారం సాయంత్రం ఎండుద్రాక్ష ఉడికించి పలచటి గుడ్డలో వడకట్టేదాన్ని. పులియని రొట్టె పెనం మీద చమురు చుక్క తగలకుండా కాల్చేదాన్ని. బల్లగుడ్డకు గంజి పెట్టి ఇస్త్రీ చేసేదాన్ని. ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం చేసినన్నాళ్ళూ డ్యూటీ దిగి వచ్చి మరీ చేశాను. మీ బావగారు పోయిన నెలలో కూడా మానలేదు.

పోయిన శనివారం మా పాస్టరు కృపావరం అయ్యగారు ఇంటికొచ్చాడు. వచ్చి ఏడాది అయిందాయన. కుర్చీ అంచున కూర్చుని, నేనిచ్చిన కాఫీ తాగుతూ, “నర్సమ్మగారూ, మీకు వయసొచ్చింది. ఇంక విశ్రాంతి తీసుకోండి. ఈ నెల నుంచి బల్ల సంగతి ప్రసన్నలక్ష్మిగారు చూసుకుంటారండీ,” అన్నాడు. నా వయసు అరవై ఒకటి. ఆ మాటనడానికి నా కాఫీ ఎందుకు తాగాలి?

ప్రసన్నలక్ష్మి అంటే రొయ్యల చెరువుల వాళ్ళావిడ. గుడికి మైకులూ ఫ్యాన్లూ కొనిపెట్టారు. అందుకని ముందు వరసలో వాళ్ళకి నాలుగు మెత్తటి కుర్చీలు, వాటి మీద ఉతికిన తువాళ్ళు. మాబోటి వాళ్ళకి ప్లాస్టిక్ కుర్చీలు. వెనక చెప్పుల దగ్గర చాపల మీద మిగతా వాళ్ళు. నాతోపాటు ఇన్నేళ్ళూ సంస్కారపు కప్పులు కడిగిన వెంకాయమ్మ కూర్చునేది అక్కడే. ఆమెను మాత్రం పని నుంచి తీసెయ్యలేదు. కప్పులు కడగడానికి పట్టుచీరలు ముందుకు రావు కదా.

బేకరీ బ్రెడ్డు, సీసాలో రసం, లేసు గుడ్డ. అదీ ప్రసన్నలక్ష్మి గారి బల్ల. తల వంచుకుని ప్రభువు శ్రమలు తలుచుకోవలసిన చోట నేను ఆవిడ గాజుల చప్పుడు వింటూ కూర్చున్నాను. కడుపు మండిపోయిందిరా.

అయ్యగార్ల బదిలీలు చూసే బందరు కమిటీలో నువ్వు సభ్యుడివి. ఈ మనిషిని ఇక్కడి నుంచి కదిలించు. ముఖం చూసి పీట వేసే మనిషి కాపరి ఎలా అవుతాడు? ఇది నా కోసం అడగడం లేదు. సంఘం కోసం అడుగుతున్నాను.

మామిడికాయ పచ్చడి బస్సులో పంపుతాను. సీసా తిరిగి పంపించు, పోయినేటిది ఇంకా రాలేదు.

నీ అక్క,
సత్యవతమ్మ


గుడివాడ,
12 జూలై 2023.

అక్కకి,

రాంబాబు వందనాలు. ఉత్తరం అందింది. స్పీకర్ సంగతి నీకెలా తెలిసిందో అర్థం కాలేదు. మీ మరదలు అయితే అరగంట నవ్వింది. పోయినేటి సీసా కడిగి పెట్టింది, మనిషి దొరికితే పంపుతాం.

అసలు విషయానికొస్తాను. నీ బాధ నాకు అర్థమైంది. కానీ ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఆ బల్ల పని ప్రసన్నలక్ష్మికి కాకుండా మీ వెంకాయమ్మకి ఇచ్చి ఉంటే ఇంత పెద్ద ఉత్తరం రాసేదానివా? లేక అప్పుడు ఇంకా పెద్దది రాసేదానివా? నువ్వు సంఘం కోసం అంటున్నావు. ఉత్తరమంతా వెతికాను, సంఘం ఎక్కడా కనపడలేదు. ‘నేను’ మాత్రం ప్రతి వాక్యంలో ఉంది.

బల్ల దగ్గరికి వెళ్ళే ముందు ఎవరిని వాళ్ళు పరీక్షించుకోవాలని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. పక్కవాళ్ళని పరీక్షించమని ఎవరూ చెప్పలేదు. ఇరవై ఆరేళ్ళు చేసిన సేవ దేవుడికి చేశావా, జనం చూడాలని చేశావా అన్నది నువ్వు మోకాళ్ళ మీద తేల్చుకోవలసిన విషయం.

కమిటీ అంటావా, నోటిమాట మీద ఎవరినీ బదిలీ చెయ్యరు. పైగా సొంత అక్క మాట పట్టుకుని నేను లేస్తే దాన్నే పక్షపాతం అంటారు. కోపం తగ్గేదాకా నోరు కట్టుకో. విషయాన్ని ప్రార్థనలో పెట్టు. దేవుడే చూసుకుంటాడు.

పెద్దవాడికి సోమవారం నుంచి పరీక్షలు. ప్రార్థనలో జ్ఞాపకం చేసుకో.

నీ తమ్ముడు,
రాంబాబు


దిండిమెరక,
23 జూలై 2023.

గుడివాడ పెద్దమనిషి రాంబాబుగారికి,

మీ ప్రసంగం అందింది. చివర కానుకల సంచి పట్టడం ఒక్కటే తక్కువ.

పక్షపాతం గురించి నాకు పాఠం చెప్పడానికి నీకు నోరెలా వచ్చిందిరా? బందరు మిషన్ బోర్డింగు బడిలో ఒక్క సీటు వస్తే ఎవరికి వచ్చింది? పరీక్ష రాసింది నేను. పాసైంది నేను. నాన్న దొరసానమ్మ దగ్గరికెళ్ళి బతిమాలి ఆ సీటు నీ పేరుకి మార్పించాడు. “ఆడపిల్లకి ఎక్కడైనా గడిచిపోద్దండీ” అన్నాడట. నేను నర్సు ట్రైనింగుకి పోయి బెడ్‌పాన్లు ఎత్తితే, నువ్వు చదువుకుని, మేష్టారివై, కమిటీ మెంబరువై, ఇప్పుడు నా ఉత్తరంలో ‘నేను’లు లెక్కపెడుతున్నావు. ఇన్నేళ్ళలో ఈ మాట ఎప్పుడైనా నీతో అన్నానా? అనలేదు. ఇప్పుడంటున్నాను. అని తేలికపడ్డాననుకోకు, ఇంకా చాలా ఉంది.

సరే. ప్రార్థనలో పెట్టమన్నావు కదా, పెట్టాను.

మా దగ్గర శుక్రవారం ఉపవాస కూడికలో ప్రార్థన చీటీల డబ్బా ఒకటి ఉంటుంది. ఎవరి బాధ వాళ్ళు రాసి వేస్తారు. పేరు రాయకూడదని ఆచారం. అయ్యగారు ఒక్కొక్కటీ తీసి చదువుతారు, అందరం మోకరించి ప్రార్థిస్తాం. మొన్న శుక్రవారం నేనూ ఒకటి వేశాను. ఆసుపత్రి రిజిస్టర్లో రాసినట్టు గుండ్రటి అచ్చు అక్షరాలతో రాశాను. ఏమని రాశానో చెప్పనా?

“పరిశుద్ధ బల్ల దగ్గర చెయ్యి పెడుతున్న ఒక సహోదరి జీవితంలో దాచిన పాపం ఉన్నది. ప్రభువు దానిని బయటపెట్టి ఆమెకు మారుమనస్సు ఇవ్వాలని ప్రార్థించండి.”

అయ్యగారు చదువుతూ చదువుతూ మధ్యలో ఆగాడు. గొంతు సవరించుకుని మళ్ళీ మొదట్నుంచి చదివాడు.  నేను కళ్ళు మూసుకున్నట్టు కూర్చుని వేళ్ళ సందుల్లోంచి ప్రసన్నలక్ష్మిని చూస్తూనే ఉన్నాను. రంగు మారుతుందనుకున్నాను. ఆవిడ చేతులెత్తి అందరికన్నా గట్టిగా ఆమెన్ అంది! అంత ధీమా ఏమిటో చూడు.

అయినా నాకేం తొందర లేదు. జనం ఇప్పుడిప్పుడే చెవులు కొరుక్కుంటున్నారు. ఆ ముందు వరస కుర్చీలో కూర్చున్న మనిషి వెనక్కి తిరిగి చూసుకోవాలి. ఎవరు నన్ను చూస్తున్నారో అని ఒక్క ఆదివారమైనా ఇబ్బందిపడాలి. నేను పడ్డాను కదా.

పచ్చడి పంపడం లేదు.

సత్యవతమ్మ


గుడివాడ,
31 జూలై 2023.

అక్కకి,

బోర్డింగు సీటు సంగతి నాకు నిజంగా తెలియదు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. తెలియని పాపానికి నన్ను ఎన్నేళ్ళు కొడతావో కొట్టు, పడతాను.

ఆ చీటీ గురించి రెండుసార్లు చదివాను. నువ్వు ఊరికే అంత మాట రాసే మనిషివి కావు. ప్రసన్నలక్ష్మి గురించి నీకేదో గట్టి సంగతి తెలిసి ఉండాలి. ఏమిటది? చెరువుల లావాదేవీయా, ఇంటి విషయమా? అయ్యగారికి తెలిసే ఆవిడను బల్ల దగ్గర పెట్టాడా? అలా అయితే అది చిన్న విషయం కాదు. సాక్ష్యాలతో రాసి పంపు. కమిటీ ఆగస్టు పన్నెండున కూర్చుంటుంది.

పోయినసారి నేను కాస్త తొందరపడి నిన్ను తప్పుపట్టాను. నిదానంగా ఆలోచిస్తే నీ ఫిర్యాదులో న్యాయం ఉంది. ఈ కృపావరానికి మనుషుల విలువ తెలియదు. మొన్న ఇరవై అయిదున ముదినేపల్లిలో మందిర ప్రతిష్ఠ జరిగింది. సభ నడిపింది ఆయనే. కమిటీ వాళ్ళనందరినీ పేరుపేరునా స్టేజీ మీదికి పిలిచి శాలువాలు కప్పించాడు, నన్ను తప్ప. నేను మూడో వరసలో, ఎవరో పిల్లల తల్లి పక్కన, వాళ్ళ బిస్కెట్ల పొడి ప్యాంటు మీద పడుతుంటే రెండు గంటలు కూర్చున్నాను. మీ మరదలు ఇంటికొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. నేనైతే అవేమీ పట్టించుకోలేదు. అలాంటివి మనసులో పెట్టుకునే స్వభావం నాది కాదని నీకు తెలుసు.

నువ్వు మాత్రం వివరాలు వెంటనే రాయి.

నీ తమ్ముడు,
రాంబాబు


దిండిమెరక,
9 ఆగస్టు 2023.

రాంబాబూ,

వివరాలేమీ లేవు. ప్రసన్నలక్ష్మి గురించి నాకు ఏ సంగతీ తెలియదు. గొప్పోళ్ళ ఇంట్లో ఏదో ఒకటి ఉండకపోతుందా అనుకుని రాశాను. అదీ నా సాక్ష్యం.

నేను రాసిన దానికి ఏం జరిగిందో చెబుతాను. నాకు చెప్పుకునే మనిషి నువ్వు తప్ప ఇంకెవరూ లేరు.

చీటీ చదివిన మూడో రోజు మధ్యాహ్నం వెంకాయమ్మ మా ఇంటికొచ్చింది. రొయ్యల షెడ్డులో తలలు తీసే పని మానుకుని వచ్చింది. చేతులు ఇంకా ఆ నీళ్ళకి తెల్లగా నాని ఉన్నాయి. గుమ్మంలోనే కూలబడి ఏడవడం మొదలుపెట్టింది.

“నర్సమ్మగారూ, దేవుడికి తెలిసిపోయిందండీ. ఆ చీటీ నా గురించేనండీ,” అంది.

మంచినీళ్ళు తెచ్చిచ్చాను.

మిగిలిన సంస్కారపు రొట్టె ముక్కల్ని గుడి వెనక కాలవలో వదలమని చెప్పేవాళ్ళం. వెంకాయమ్మ రెండేళ్ళుగా వాటిని కొంగున కట్టుకుని ఇంటికి పట్టుకెళ్ళిందట. తన మనవరాలు వినీలకు మూర్ఛ. ప్రభువు రొట్టె తింటే తగ్గుతుందని నెలనెలా పెట్టేదట. ఆ పిల్లకి మందు నేనే రాయించాను, నేనే తెచ్చిచ్చాను. మందుతో తగ్గింది. కానీ ఆ అవ్వ నమ్మకం రొట్టె మీద ఉంది. “దొంగతనమేనండీ, బల్ల మీద దొంగతనం. ఎవరో చూసి రాశారండీ. ఎవరైతేనేం, దేవుడే రాయించాడు,” అంది.

ఎవరి కోసం రాశానో ఆవిడ ఆమెన్ అని ఇంటికెళ్ళి అన్నం తింది. పాపం చెయ్యని మనిషి తన పాపం కోసం ఇల్లంతా వెతుక్కుంది. ఊళ్ళో వాళ్ళు కూడా చూడు, బల్ల దగ్గర చెయ్యి పెట్టేవాళ్ళు ఇద్దరే. ఒకరు పట్టుచీర, ఒకరు పాతచీర. ఒక్కరంటే ఒక్కరు కూడా పట్టుచీర వైపు తిరగలేదు. నేనా సంగతి ముందే తెలుసుకోవాల్సింది. ముఖం చూసి పీట వేస్తారని నీకు నేనేగా రాశాను.

మొన్న ఆదివారం వెంకాయమ్మ అందరి ముందూ లేచి ఒప్పుకుంది. ఏదీ దాచకుండా పూర్తిగా చెప్పింది. అయ్యగారు చేతులెత్తి, చీటీకి దేవుడు జవాబిచ్చాడని స్తోత్రం చెప్పించాడు. జనం చప్పట్లు కొట్టారు. తర్వాత ఆమెకు రొట్టె, రసం ఇవ్వకుండా మూడు నెలలు బల్లకు దూరం పెట్టారు. కప్పులు కడిగే పని కూడా తీసేశారు. నేను ఆ చప్పట్లలో కూర్చుని ఉన్నాను. 

ఇంకొకటి విను. వెంకాయమ్మ వెనక చాప మీదికెళ్ళి కూర్చుంటే ఆ చుట్టూ వాళ్ళు జరిగిపోయారు. అప్పుడు ప్రసన్నలక్ష్మి ముందు వరసలోంచి లేచి, గుడి మొత్తం నడిచి, వెళ్ళి ఆమె పక్కన కింద కూర్చుంది. ఆ పట్టుచీర చెప్పుల దుమ్ములో నలుగుతుంటే నాకు ఒళ్ళు మండింది. నేను చెయ్యాల్సిన పని కూడా ఈవిడే చేసేసిందే అని. చివరికి నాకు దక్కిన ఆలోచన అది.

పన్నెండో తారీఖు కమిటీలో నా మాట ఎత్తకు. నా ఫిర్యాదు నేను వెనక్కి తీసుకుంటున్నాను. వెంకాయమ్మ సంగతి నేనే లేచి చెప్పాలి. ఎప్పుడో, ఎలాగో తెలియడం లేదు.

అక్క


గుడివాడ,
17 ఆగస్టు 2023.

అక్కకి,

నీ ఉత్తరం పద్నాలుగున అందింది. పన్నెండునే కమిటీ అయిపోయింది.

నువ్వు జూలైలో రాసిన మొదటి ఉత్తరం నా దగ్గరుంది కదా. నువ్వు వివరాల ఉత్తరం ఆలస్యం చేస్తున్నావని అదే చదివి వినిపించాను. ఇరవై ఆరేళ్ళు సేవ చేసిన విశ్రాంత నర్సు, ఒక పెద్దావిడ ఆవేదన అని నాలుగు మాటలు నావి కలిపాను. నా అక్కవని చెప్పలేదు, నీ ఇంటిపేరు వేరు కాబట్టి ఎవరూ అడగలేదు. అందరూ కదిలిపోయారు. కృపావరానికి బంటుమిల్లి దగ్గర ఓ చిన్న సంఘానికి బదిలీ వేశారు. అక్టోబరు ఒకటికల్లా వెళ్ళిపోవాలి. ఆర్డరు ఈపాటికి ఆయన చేతికి అంది ఉంటుంది.

నువ్వు అడిగిందే జరిగింది. ఇప్పుడు నువ్వు లేచి ఆ చీటీ నేనే రాశానంటే ఏమవుతుందో ఆలోచించు. ఫిర్యాదు చేసినావిడే దొంగచీటీలు రాసే మనిషని తేలుతుంది. ఆవిడ ఎవరో తవ్వుతారు, నేను బయటపడతాను. సొంత అక్క పగకి కమిటీని వాడుకున్నానంటారు. ముదినేపల్లి శాలువా సంగతి కూడా లాగుతారు. ఇరవై ఏళ్ళుగా సంపాదించుకున్న పరువక్కా ఇది.

వెంకాయమ్మ విషయంలో నువ్వు మరీ ఎక్కువ బాధపడుతున్నావు. చీటీ ఎవరు రాసినా ఆమె రొట్టె తీసిన మాట నిజమే కదా. మూడు నెలలే కదా. అలాంటివాళ్ళు మనలా మనసుకి పట్టించుకోరు, నాలుగు రోజుల్లో మర్చిపోతారు. కావాలంటే ఓ చీర కొనిపెట్టు.

కొత్తగా వచ్చే అయ్యగారు మనకి తెలిసినవాడు. మాట్లాడాను. నవంబరు నుంచి బల్ల పని మళ్ళీ నీకే ఇస్తాడు. నీ ఎండుద్రాక్ష, నీ గంజి గుడ్డ, అన్నీ మునుపటిలాగే. రెండు నెలలు నోరు కట్టుకుంటే చాలు.

ఈ ఉత్తరం చదివాక చింపెయ్యి.

రాంబాబు


దిండిమెరక,
4 సెప్టెంబరు 2023, సోమవారం.

రాంబాబూ,

నీ ఉత్తరం చింపలేదు. దాని జిరాక్సు ఇందులో పెట్టాను. అసలు నా దగ్గరే ఉంది.

నన్ను నేను పరీక్షించుకోవాలని జూలైలో చెప్పింది నువ్వే. నీకు ఒక శాలువా కప్పలేదని ఒక కుటుంబాన్ని బంటుమిల్లికి తోలావు. నా ఏడుపు పెట్టి నీ పగ తీర్చుకున్నావు. బోర్డింగు సీటంటే తొమ్మిదేళ్ళప్పుడు తీసుకున్నావు, తెలియదన్నావు. ఇప్పుడు నీకు యాభై ఏళ్ళు దాటాయి.

నిన్న సంస్కారపు ఆదివారం. నీ ఉత్తరం పర్సులో పెట్టుకుని గుడికెళ్ళాను. నా సంగతి చెప్పాక నీ సంగతి కూడా చదవాలనుకున్నాను. దారి పొడుగునా ఏ మాట దగ్గర ఆగాలో, ఏ మాట గట్టిగా చదవాలో అనుకుంటూ వెళ్ళాను. నిజం చెప్పనా? అది తలుచుకుంటే హుషారుగా ఉంది. నా తప్పు ఎలా చెప్పాలో మాత్రం ఒక్క మాట కూడా కూర్చుకోలేదు.

సాక్ష్యాల సమయంలో లేచాను. ఆ చీటీ రాసింది నేనని చెప్పాను. ప్రసన్నలక్ష్మి మీద కసితో రాశానని, ఆవిడ గురించి నాకేమీ తెలియదని ఆవిడ ముఖం చూసి చెప్పాను. వెంకాయమ్మ నా వల్ల దోషి అయిందని చెప్పాను. ఫిర్యాదు రాసింది కూడా నేనేనని అయ్యగారితో అన్నాను. ఆయన ముఖం తెల్లబోయింది. ప్రసన్నలక్ష్మి తల వంచుకుంది. ఆవిడ ఏమన్నా అని ఉంటే బాగుండేది.

తర్వాత ఏమైందో తెలుసా? చప్పట్లు కొట్టారు. నాకు! “నర్సమ్మగారు ఎంత ధైర్యంగా ఒప్పుకున్నారండీ” అని ముసలీ ముతకా కళ్ళు తుడుచుకున్నారు. అయ్యగారు మైకు దగ్గరికొచ్చి, ఇంత తగ్గింపు, ఇంత వినయం మన సంఘంలో ఎప్పుడూ చూడలేదన్నాడు. నన్ను ముందుకొచ్చి బల్లలో చెయ్యి వేసి రొట్టె తీసుకోమన్నాడు.

“వెంకాయమ్మకి మూడు నెలలు వేశారు కదండీ. నాకెన్ని?” అని అడిగాను.

ఆయన నవ్వేశాడు. “అదేంటండీ నర్సమ్మగారూ, మీరూ వెంకాయమ్మా ఒకటా?” అన్నాడు.

మైకులో అన్నాడు. గుడంతా విన్నది. వెనక చాప మీద వెంకాయమ్మా విన్నది.

ఒరేయ్, ఆ మాట వినగానే నా లోపల ఎక్కడో తియ్యగా అనిపించింది. ఒక్క క్షణమే. అది నీకు తప్ప ఎవరితోనూ చెప్పుకోలేను. నేనేదో పక్షపాతం మీద యుద్ధం చేస్తున్నాననుకున్నాను. నాకు కావలసింది ఆ పక్షపాతమేనని నిన్న తెలిసింది, కాకపోతే నా వైపు తిరిగి ఉండాలి. మందులు మోసుకెళ్ళిన ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ చాప మీద కూర్చోవాలని నాకు తోచలేదు.

బల్లలో చెయ్యి వెయ్యలేదు. నాకూ మూడు నెలలు రాసుకోమని చెప్పి వచ్చి కూర్చున్నాను. నీ ఉత్తరం పర్సులోంచి తియ్యలేదు. అది నీ మీద జాలితో కాదు. అప్పటికే చాలామంది నన్ను మెచ్చుకున్నారు, నిన్ను చదివితే ఇంకా మెచ్చుకునేవాళ్ళు. అది నాకు వద్దనిపించింది.

నిన్ను వదిలేశాననుకోకు. కమిటీ ఇరవైన కూర్చుంటుందని విన్నాను. నువ్వే లేచి చెప్పు. నేనెవరో, నీకు శాలువా ఎక్కడ తగిలిందో, అంతా చెప్పు. ఇరవై ఒకటి సాయంత్రానికి నువ్వు చెప్పినట్టు నాకు తెలియకపోతే, ఇరవై రెండున అసలు కాగితం రిజిస్టర్డ్ పోస్టులో బందరు వెళ్తుంది. ఇది న్యాయమా, పగా అని నన్నడగకు. రెండూ ఉన్నాయి. ఏది ఎంతో నాకు తెలియదు. నవంబరులో బల్ల నాకొద్దని ఆ కొత్తాయనకి కూడా నువ్వే చెప్పాలి.

కూడిక అయ్యాక వెంకాయమ్మ దగ్గరికెళ్ళాను. చెప్పులు వేసుకుంటోంది. అందరి ముందూ క్షమించమని అడిగాను. చెయ్యి పట్టుకోబోతే వెనక్కి తీసుకుంది. కోపంగా కాదు, నెమ్మదిగానే తీసుకుంది.

“మీరు చీటీ రాసినందుక్కాదండీ,” అంది. “కోపంలో ఎవురైనా రాత్తారండీ. నేను మీ గుమ్మంలో కూలబడి ఏడిత్తే, మీరు మంచినీళ్ళిచ్చి, నా తల నిమిరి, ‘బాధపడకు వెంకాయమ్మా, నువ్వు ఒప్పుకుంటే దేవుడు నిన్ను క్షమిస్తాడు’ అన్నారు చూడండీ. అదండీ.”

ఆ మాట నేనన్నాను, రాంబాబూ. పోయిన ఉత్తరంలో అది నీకు రాయలేదు. ఆమెను గుడిలో లేచి ఒప్పుకోమన్నది నేనే.

ఆమె మనవరాలి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. వినీల మందు ఈ నెలాఖరుకి అయిపోతుంది. తెచ్చిస్తే తీసుకుంటుందో లేదో తెలియదు.

సత్యవతి